తుండు కింద రెండు వేళ్ళు

మా బాబాయి ఎవరి పాటనైనా మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు. మెచ్చుకోడని కాదు, నోటితో మెచ్చుకోడు. ఆయన మెప్పు ఎప్పుడూ తుండుగుడ్డ కిందే ఉంటుంది.

ఇది మామిడి బేరాల్లోంచి వచ్చిన అలవాటు. మా వైపు పాతకాలం బేరగాళ్ళు కాయకి ధర పైకి చెప్పేవాళ్ళు కాదు. ఇద్దరి చేతుల మీదా ఒక తుండు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఇంకొకరు పట్టుకుని మాట్లాడుకునేవాళ్ళు. చుట్టూ పదిమంది నిలబడి మెడలు సాచి చూస్తున్నా లోపల ఏం నడుస్తోందో ఎవరికీ తెలిసేది కాదు. బాబాయి ఆ పద్ధతిని తెచ్చి సంగీతానికి తగిలించాడు.

నూజివీడు నుంచి చింతలపూడి వైపు వెళ్ళే దారిలో ఆయన తోట, తోటలోనే ఇల్లు, ఇంటిని ఆనుకుని కాయలు సర్దే రేకుల షెడ్డు. ఆదివారం మధ్యాహ్నం ఆ షెడ్డులో నలుగురం చేరతాం. బాబాయి, పిన్ని, ఆర్టీసీలో రిటైరైన కండక్టరు గారు, నేను. వారానికి ఒకరు చొప్పున తమకి నచ్చిన రికార్డింగు ఏదైనా తెచ్చి వినిపించాలి. వింటున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. అయిపోయాక మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చి, తెచ్చినవాళ్ళ చెయ్యి తుండు కింద పట్టుకుని, ఒకటి నుంచి ఐదు దాకా తమకి తోచినన్ని వేళ్ళు ఇవ్వాలి. కండక్టరు గారికి ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోవడం మొహమాటం కాబట్టి, నాకూ పిన్నికీ వేళ్ళ బదులు వక్కపలుకులు పెడతారు. ఎవరెన్ని ఇచ్చారో మూడోవాళ్ళకి తెలియకూడదు. ఆ తర్వాత చర్చ. చర్చ అంటే, మర్యాదగా మొదలై కాఫీలు చల్లారిపోయేదాకా సాగే పోట్లాట.

నేను నూజివీడులోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. చదువుకునే రోజుల్లో వీళ్ళింట్లోనే ఉండి, వీళ్ళ అన్నమే తిన్నాను కాబట్టి బాబాయిని ఆటపట్టించే హక్కు నాకు పూర్తిగా ఉందని నా నమ్మకం. ఆయన చేతినుంచి నాకు ఇంతవరకూ వచ్చినవి మహా అయితే మూడు వేళ్ళు. ఒకసారి నాలుగోది కూడా తగిలినట్టయి తెగ సంబరపడ్డాను. తీరా కనుక్కుంటే దోమ కుట్టి గోక్కున్నాడట.

ఆయన ఐదు వేళ్ళూ ఇచ్చేది ఒకే ఒక్క క్యాసెట్టుకి. అది ఆయన సొంత క్యాసెట్టు. తన కుడిచేతినీ ఎడమచేతినీ కలిపి తుండు కప్పుకుని, కాసేపు ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి, తనకి తనే ఐదు వేళ్ళు ఇచ్చుకుంటాడు. ఇదేం పద్ధతి బాబాయ్ అంటే, "నిజం చెప్పుకోడానికి మొహమాటమెందుకమ్మా" అంటాడు.

అందులో ఉన్నది ఒక పెద్ద విద్వాంసురాలి కచేరీ. ఒక వైపంతా తోడి, ఆలాపనా కీర్తనా కలిపి. దాన్ని బాబాయి తన పాత టూ ఇన్ వన్ టేప్‌రికార్డరులో తప్ప వినడు. ఫోన్లో వినే పాటంటే ఆయనకి కృత్రిమంగా మగ్గబెట్టిన కాయతో సమానం. ఆ క్యాసెట్టు మీద ఆయన ఒక సిద్ధాంతమే కట్టాడు. ఆ రోజుల్లో గొంతుల్లో జవం ఉండేది, పైస్థాయికి గాలిపటంలా వెళ్ళిపోయేవాళ్ళు, ఇప్పుడు అందరూ కిందే కూర్చుని సాగదీస్తున్నారు. సిద్ధాంతానికి రుజువు కూడా ఉంది. అదే విద్వాంసురాలు రేడియోలో పాడితే అంత పైకి వెళ్ళేది కాదు, అంత వేగమూ ఉండేది కాదు. "పాపం, ఇవాళ ఆవిడకి ఒంట్లో బాలేనట్టుంది" అనేవాడు బాబాయి. ఇన్నేళ్ళలో రేడియోలో ఆవిడకి ఒక్కరోజైనా ఒంట్లో బాగున్నట్టు నాకు గుర్తు లేదు.

అనుమానం మొదట వచ్చింది మాలో ఎవరికీ కాదు. సీజన్లో కాయలు గ్రేడు చేయడానికి వచ్చే ఆవిడ ఒకరున్నారు. మేం పాటలు వింటుంటే ఆవిడ పక్కన కూర్చుని మచ్చకాయ, మంచికాయ వేరుచేస్తూ ఉంటుంది. మా చర్చలో కలవమంటే, "నా చేతుల నిండా సొనండీ, మీ తుండు పాడవుద్ది" అని తప్పుకుంటుంది. ఒకసారి క్యాసెట్టు అట్టమీద బొమ్మ చూసి, "ఈయమ్మ ఇంత పెద్దావిడ గదండీ, గొంతేంటి పెళ్ళికాని పిల్ల గొంతులాగుంది?" అని అడిగింది. "సాధన అంటే అదేనమ్మా" అన్నాడు బాబాయి గంభీరంగా. మేం ముగ్గురం తలలూపాం. లెక్కలు చెప్పే మనిషిని, నేను కూడా ఊపాను.

ఇక్కడ ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పాలి. కొన్న రెండో వేసవిలోనే దాని బెల్టు తెగింది. కోతలు జోరుమీదున్నాయి, బస్తీ వెళ్ళి బాగుచేయించే తీరిక లేదు. బాబాయి పాత సైకిలు ట్యూబులోంచి సన్నగా రబ్బరు కత్తిరించి బెల్టులా తగిలించాడు. అది జారిపోతుంటే, పట్టు కోసం మోటారు చక్రానికి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాడు. యంత్రం తిరిగింది. ఆ రోజు నుంచి తన ఇంజనీరింగు మీద ఆయనకి అపారమైన గౌరవం. తర్వాత రబ్బరు ఎన్నిసార్లు మార్చాడో గానీ, చక్రానికి చుట్టిన టేపు జోలికి మాత్రం పోలేదు. తోడి క్యాసెట్టు కొన్నది ఆ రిపేరు అయ్యాకే.

పిన్ని పెళ్ళికి ముందు ఐదేళ్ళు సంగీతం నేర్చుకుంది. ఇక్కడికి కాపురానికి వచ్చాక నేర్పేవాళ్ళు లేరు, శ్రుతిపెట్టె కూడా లేదు. అందుకని ఆ టేప్‌రికార్డరునే గురువుగా పెట్టుకుంది. మధ్యాహ్నం పనులయ్యాక దాని పక్కన కూర్చుని, ఒక్కో లైనూ విని, ఆపి, పాడి, వెనక్కి తిప్పి మళ్ళీ వినేది. నేను పుస్తకం ముందేసుకుని చదువుతున్నట్టు నటిస్తూ ఆవిడనే వినేదాన్ని. పల్లవి ఎంత బాగా వచ్చేదో. అనుపల్లవిలో పైకి వెళ్ళే చోటొకటుంది. అక్కడికొచ్చేసరికి గొంతు చీలేది. మళ్ళీ వెనక్కి తిప్పేది. మళ్ళీ చీలేది. వేసవంతా అలాగే గడిచింది.

మరుసటి ఏడు శ్రీరామనవమి పందిట్లో పాడమని ఊళ్ళోవాళ్ళు వచ్చి అడిగారు. పిన్ని సరేనంది. ముందురోజు మా అందరినీ కూర్చోబెట్టి పాడి వినిపించింది. అదే చోట అలాగే చీలింది. బాబాయి నవ్వుకుంటూ తుండు తెచ్చి ఆవిడ చేతిమీద కప్పి వేళ్ళిచ్చాడు. పిన్ని ముఖం చూస్తే తెలిసిపోయింది. "రెండా పిన్నీ?" అన్నాను నేను. అందరం నవ్వాం. పిన్ని కూడా నవ్వింది. మర్నాడు గొంతు పట్టేసిందని చెప్పి పందిట్లోకి వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆవిడ పాడగా నేను వినలేదు. వంటింట్లో కూనిరాగం కూడా లేదు. ఎప్పుడైనా అడిగితే, "నా గొంతు పైకి వెళ్ళదమ్మా, వినడానికే పనికొస్తాను" అనేది, అది అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు. ఆదివారాలు మా అందరికంటే బాగా వినేదీ, అందరికంటే తక్కువ మాట్లాడేదీ ఆవిడే. ముప్పై ఏళ్ళ పైనే అయింది. ఆ ముప్పై ఏళ్ళూ ఆవిడ ఎందుకు పాడదో నేనెప్పుడూ గట్టిగా ఆలోచించలేదు. నా తెలివితేటలన్నీ బాబాయిని వెక్కిరించడానికే సరిపోయాయి.

మొన్న వేసవిలో ఒక ఆదివారం నా వంతు వచ్చింది. పొద్దున్నే లారీ లోడయి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళిపోయింది. పిన్ని చింతలపూడిలో వాళ్ళ అక్కయ్యగారింటికి వెళ్ళింది. నాకు నెట్‌లో బాబాయి క్యాసెట్టు కచేరీయే దొరికింది, ఎవరో భద్రంగా ఎక్కించి పెట్టారు. ఆయన్ని ఏడిపిద్దామని, ఎవరిదో చెప్పకుండా ఫోన్లో పెట్టాను. నెమ్మదిగా, నిండుగా, కాస్త బరువైన గొంతుతో తోడి మొదలైంది. అంతా విన్నాక బాబాయి తుండు కింద నాకు ఒక్క వేలిచ్చాడు.

"మా క్యాసెట్టు ఆవిణ్ణి ఎవరో అనుకరించారమ్మా. గొంతు మంచిదే. జవం లేదు."

"అనుకరించడమేంటి బాబాయ్? ఇది ఆవిడే. అదే కచేరీ."

"చాల్లే. ఆవిణ్ణి నాకు నువ్వు చెప్పాలా?"

మా దగ్గర ఒక సాక్ష్యముంది. క్యాసెట్టులో అనుపల్లవికి కాస్త ముందు సభలో ఎవరో రెండుసార్లు దగ్గుతారు. ఆ దగ్గు మా అందరికీ ఇంట్లో మనిషి లెక్క. ఫోన్లో మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళి పెట్టాను. రెండు దగ్గులు, సరిగ్గా అక్కడే. కాకపోతే బొంగురు దగ్గులు.

"అయ్యో, ఆ దగ్గింది మగమనిషాండీ?" అంది కాయలు ఏరుతున్న ఆవిడ. "ఇన్నేళ్ళూ ఎవరో ఆడమనిషి అనుకుంటన్నానే."

దగ్గుని కూడా అనుకరించారంటావా అని నేను బాబాయిని అడగబోయాను గానీ, కండక్టరు గారు అప్పటికే చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టారు. ఆయన దేన్నైనా నిమిషాల్లోనే కొలుస్తారు. "ముందు మీ క్యాసెట్టు వెయ్యండి అన్నయ్యగారూ, మొదటి నుంచి చప్పట్ల దాకా" అన్నారు. వేశాం. ఫోన్లో సరిగ్గా ముప్పై నిమిషాలు పట్టింది. క్యాసెట్టులో ఇరవై ఏడు కూడా పట్టలేదు.

స్క్రూడ్రైవరు నేనే తెచ్చాను. మూత తీస్తే, సైకిలు ట్యూబు రబ్బరు కింద మోటారు చక్రం, దాని చుట్టూ బంకకారి గట్టిపడ్డ నల్లటి టేపు. చక్రం లావయితే రబ్బరు వేగంగా తిరుగుతుంది, రబ్బరు వేగంగా తిరిగితే పాట వేగంగా వస్తుంది, శ్రుతి కూడా పైకి లేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పే లెక్క. అది విప్పి చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ముప్పై ఏళ్ళ సిద్ధాంతం, గొంతుల్లో జవం, రేడియోలో ఒంట్లో బాలేకపోవడం, అన్నీ రెండు చుట్ల టేపు. కండక్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ, "మూడు నిమిషాలు ముందు బయల్దేరితే బండికేం కాదండీ" అన్నారు. "వేళకొచ్చి స్టాపులో నిలబడ్డ వాళ్ళకే కష్టం. వాళ్ళ తప్పేం ఉండదు, బస్సు మాత్రం వెళ్ళిపోయి ఉంటది."

మేం నవ్వుతూనే ఉన్నాం. బాబాయి నవ్వలేదు. వంటింటి గుమ్మం వైపు చూస్తున్నాడు. అక్కడ పిన్ని లేదు.

"తనకి చెప్పకండి" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. ఆ వేసవంతా పిన్ని అందుకోవాలని చూసింది ఆ విద్వాంసురాలి గొంతుని కాదు, ఈ టేపు చుట్టని. ఆ విద్వాంసురాలైనా అంత పైన పాడి ఉండదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "చెప్పకపోతే ఎలా బాబాయ్? గొంతు లేదనుకుని పాట మానేసిన మనిషి" అన్నాను. "నేనే చెబుతానమ్మా. కోతలవ్వనీ" అన్నాడు. ఆయన మీద కేకలేద్దామనుకున్నాను. కానీ ఆ రోజు "రెండా పిన్నీ" అని పైకి అన్నది ఎవరో నాకు గుర్తుంది. యంత్రం మూత మళ్ళీ బిగించాను.

బంగినపల్లి కోతలయ్యాక చెబుతానన్నాడు. అవయ్యాయి. రసాలయ్యాక అన్నాడు. రసాలూ అయ్యాయి. తోతాపురి అయ్యాక అన్నాడు. చివరికి వాయిదా వెయ్యడానికి చెట్టుమీద కాయ లేకుండా పోయింది. ఈలోగా ఆదివారాలు ఆ క్యాసెట్టు ఊసెత్తడం మానేశాడు. "ఏంటండీ, మీ క్యాసెట్టు ఆవిడ మీద అలిగారా?" అని పిన్ని ఒకటి రెండుసార్లు అడిగింది. బాబాయి దగ్గాడు. వీధిలో పాముని చూసినా అదరని మనిషి, భార్య ముందు ఒక టేపు ముక్క గురించి చెప్పలేక వారం వారం ముసలివాడైపోతుంటే చూడ్డానికి నాకు సరదాగా ఏమీ లేదు. కొంచెం సరదాగానే ఉంది, అబద్ధమెందుకు. ఎక్కువ మాత్రం బాధగానే ఉండేది.

ఒక శుక్రవారం ఫోను చేసి, టూ ఇన్ వన్‌కి అసలు బెల్టు దొరికితే పట్టుకు రమ్మన్నాడు. పాత రేడియోలు బాగుచేసే అతని దగ్గర దొరికింది. ఆదివారం నేను వెళ్ళేసరికి యంత్రం బల్లమీద తుడిచిపెట్టి ఉంది. ఎవరి వంతని అడక్కుండా బాబాయి తోడి క్యాసెట్టు వేశాడు. పిన్ని లోపల కాఫీ కలుపుతోంది.

ఆలాపన మొదలైంది, నెమ్మదిగా. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కీర్తన మొదలైంది. బొంగురుగా రెండు దగ్గులు వినబడ్డాయి. తర్వాత అనుపల్లవి. అప్పుడు లోపలినుంచి ఇంకో గొంతు కలిసింది, చిన్నగా, తనకి తెలియకుండానే వచ్చినట్టు. పాట పైకి వెళ్ళే చోటుకి ఆ గొంతు కూడా వెళ్ళింది. తేలిగ్గా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, దిగింది. కండక్టరు గారు తాళం వెయ్యడం ఆపేశారు. బాబాయి తల పైకెత్తలేదు.

పిన్ని చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏం చేశారు దీన్ని?"

"బెల్టు మార్చాను."

"బెల్టేనా?"

బాబాయి జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో నల్ల టేపు ముక్క ఉంది. అది చూపించి, సైకిలు ట్యూబు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఎక్కడా తనని తాను వెనకేసుకు రాలేదు. చెప్పడం అయిపోయాక పిన్ని ఆ ముక్క వైపు చూస్తూ, "అయితే నా గొంతు కాదా?" అని అడిగింది.

"కాదు."

"ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ."

పిన్ని బోర్లించిన క్రేటు మీద కూర్చుంది. నన్ను ఫోన్లో శ్రుతి పెట్టమంది. ఆ విద్వాంసురాలి అసలు శ్రుతే పెట్టాను. పల్లవి నుంచి ఎత్తుకుంది. అక్షరం కూడా మర్చిపోలేదు. అనుపల్లవిలో ఆ చోటు వచ్చింది. వంటింట్లో అంత తేలిగ్గా వెళ్ళిన గొంతు మా ముందు చీలింది. ఆవిడ ఆగలేదు, ఆ చీలికతోనే చివరిదాకా పాడి, చీరకొంగుతో మెడ తుడుచుకుంది.

"ఇప్పుడు చీలింది వయసు వల్లండీ" అంది బాబాయితో, మామూలుగానే. "అప్పుడు చీలింది మీ టేపు వల్ల."

బాబాయి లేచి భుజం మీది తుండు తీశాడు. వచ్చి పిన్ని చేతిమీద కప్పి, తన చెయ్యి లోపల పెట్టబోయాడు. పిన్ని ఆ తుండు లాగి తన ఒళ్ళో పెట్టుకుంది.

"తుండెందుకు? నోటితో చెప్పండి."

బాబాయి మా వైపు చూశాడు. మేం సాయం చెయ్యలేదు. "బాగుంది" అన్నాడు.

"ఇవాళ్టిది కాదు. నవమి ముందురోజుది చెప్పండి."

"ఆ రోజు ఐదు వేళ్ళూ ఇవ్వాల్సింది."

"వేళ్ళు కాదండీ."

బాబాయి చేతులు ఏం చెయ్యాలో తెలీక ఊరికే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "ఆ రోజు చాలా బాగా పాడావు" అన్నాడు చివరికి. "నాకే వినడం రాలేదు."

నాకు ఏడుపొచ్చింది. నా సంగతి కూడా అంతే పిన్నీ అందామనుకునేలోపే పిన్ని ఆ తుండుని నాలుగు మడతలు పెట్టి బల్లమీద, టేపు ముక్క పక్కన ఉంచింది.

"కాఫీలు చల్లారిపోయుంటాయి. వెళ్ళి వేడిచేసి తీసుకురండి" అంది.

ఈ ఇంట్లో ఎన్నడూ పొయ్యి వెలిగించని మనిషి, వంటింట్లోకి వెళ్ళాడు. పిన్ని నా వైపు తిరిగి, శ్రుతి మళ్ళీ పెట్టమంది.